నాలుకలు పది, కడవ ఒకటి

మా అవ్వ పుట్టమ్మకు కోపం ఎక్కువ అని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఆ కోపం దేని మీదో మాత్రం ఒక్కరూ అడగలేదు. ఎవరైనా పెళ్ళిచూపులకు పోయి వచ్చి పిల్ల నెమ్మదస్తురాలు అంటే, ఎన్నిసార్లు చూసినారని అడిగేది. ఒక్క శనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుని ఈ చేను కాయ తీపి అన్న వ్యాపారిని, మూట విప్పి అడుగు నుంచి తీసి తినమనేది. ముసలిదానికి చాదస్తం అని నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళలో సగం మంది ఆమె తెచ్చిన బావి నీళ్ళు తాగి బతికినవాళ్ళే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అవ్వది హిందూపురం వైపు పుట్టుక. ఆమె మాటల్లో కన్నడం కలిసి ఉండేది, డబ్బులను చివరిదాకా దుడ్లు అనే అనింది. కనగానపల్లికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న మా పల్లెకు కోడలుగా వచ్చిన మొదటి రోజే కందిపప్పు పొయ్యి మీద పెట్టి, అది ఎంతకీ ఉడక్కపోతే, పప్పు పాతదేమో అనుకుందట. పప్పు కాదు, నీళ్ళు. మా వైపు మంచినీళ్ళకూ ఉప్పునీళ్ళకూ తేడా నాలుక కంటే ముందు పప్పే చెబుతుంది. ఉప్పునీళ్ళలో పప్పు రాళ్ళలాగే ఉంటుంది, కట్టెలు మాత్రం అయిపోతాయి. పప్పు ఉడికే నీళ్ళు ఊళ్ళో ఒక్క పైబావిలోనే ఉండేవి. లోతు లేని బావి, ఎండాకాలం అడుగంటేది. అయినా ఆ కడవ, అర కడవ నీళ్ళతోనే అవ్వ ఇరవై ఏళ్ళు సంసారం నడిపింది. మొగుడు పోయాక కొడుకు ఆంజనప్పను పెంచి, బాలమ్మను కోడలిగా తెచ్చుకుంది. ఆంజనప్ప మా నాయన, బాలమ్మ మా అమ్మ.

1955లో, నేను పుట్టకముందు, ఊరికి ఒక మంచినీళ్ళ బావి మంజూరైంది. కొత్తగా తవ్వేది కాదు. ఉన్న బావుల్లో ఒకదాన్ని లోతు చేసి, రాతి కట్టడం కట్టి, గిలకలు పెట్టిస్తారు. ఏ బావి అన్నదే తేలాలి. ఒకటి మా పైబావి. రెండోది ఊరికి దిగువన ప్రెసిడెంటు చెన్నకేశవులు చేలో ఉన్న కింది బావి. అది సేద్యానికి వాడే కపిలబావి. ఊళ్ళో ఎవరూ దాని నీళ్ళు తాగి ఎరగరు. చేలో కూలికి పోయేవాళ్ళు తప్ప.

తేల్చడానికి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. చెన్నకేశవులు ఇంటి అరుగు మీద కూర్చుని వక్కాకు నమిలాడు. ఊసి, నోరు పుక్కిలించి, రెండు బావుల నీళ్ళు రెండు గ్లాసుల్లో తెప్పించుకుని ఒక్కో గుక్క తాగాడు. కింది బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయని కాగితం మీద రాశాడు. అయిపోయింది. మూడు వందల గడప ఉన్న ఊరు పాతికేళ్ళు ఏ నీళ్ళు తాగాలో ఒక్క మనిషి, ఒక్క గుక్కతో, అదీ వక్కాకు నోటితో తేల్చేశాడు.

అవ్వకు సంగతి తెలిసి అరుగు దగ్గరికి పోయింది. గొడవ పెట్టుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె గొడవ పెట్టుకోలేదు. ఎండన పడి వచ్చినారు, మా ఇంట్లో మజ్జిగ తాగి పొమ్మని ఆఫీసరును మర్యాదగా పిలిచింది. ఆయన వచ్చి కూర్చున్నాక మజ్జిగకు ముందు రెండు గ్లాసుల నీళ్ళు పెట్టింది. ఒకటి వెండిది, ఒకటి ఇత్తడిది. ఏవి మంచివో చెప్పమని అడిగింది. ఆయన రెండూ రుచి చూసి, వెండి గ్లాసులోవి తీపి, ఇత్తడి గ్లాసులోవి కొంచెం ఉప్పు అన్నాడు.

"రెండూ ఒక చెంబులోవే సార్," అంది అవ్వ. "మీ నాలుకను నేను తప్పు పట్టడం లేదు. ఒక్క నాలుక ఎవరిదైనా అంతే. ఒక్కదాన్ని నమ్మి ఊరికి నీళ్ళు పెడతారా?"

వెంట వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. కానీ ఆయన మూర్ఖుడు కాదు, అది ఒప్పుకోవాలి. అయితే పదిమందిని పిలిచి నువ్వే పరీక్ష పెట్టు, వాళ్ళు ఏది చెబితే అదే రాస్తాను, రేపు పొద్దున్నే వస్తాను అన్నాడు. అవ్వ గెలిచింది. ఆ రోజు ఆమె ఎంత సంతోషంగా ఉందో మా అమ్మ చెప్పేది. ఆ సంతోషమే కొంప ముంచింది.

పరీక్షను అవ్వ చాలా గట్టిగా పెట్టింది. ఊళ్ళో పప్పు వండటంలో పేరున్న ఆడవాళ్ళను తొమ్మిది మందిని పిలిచింది, పదోది తాను. తెల్లవారినప్పటి నుంచి ఎవరూ వక్కాకు నమలకూడదు, నోరు ఘాటెక్కించే ఎర్రగడ్డ తినకూడదు. ఒక్కొక్కరే లోపలికి రావాలి, బయటికి పోయాక మాట్లాడకూడదు. రెండు కడవలకూ గుడ్డ కప్పి, ఒకదాని మెడకు ఎర్ర దారం, ఒకదానికి తెల్ల దారం కట్టించింది. ఏ దారం ఏ బావో కట్టిన మా నాయనకు తప్ప ఎవరికీ తెలియదు. తాగి, మంచివి అనిపించిన కడవ ముందున్న బుట్టలో ఒక గులకరాయి వేయాలి.

నీళ్ళు తెప్పించడంలో కూడా అంతే నిష్ఠ. మా వైపు ఏ మంచి పనికైనా, తెల్లవారేసరికి, ఎవరూ చేద వేసి కదిలించకముందు పైపైన ముంచిన నీళ్ళే వాడతారు. ముట్టని నీళ్ళు అంటారు వాటిని. అవ్వ రెండు బావుల నుంచీ ముట్టని నీళ్ళే తెప్పించింది. అది కార్తీక మాసం. ఆ ఏడు వానలు బాగా పడి పది రోజులు కూడా కాలేదు.

రాళ్ళు లెక్కపెడితే ఎర్ర దారం బుట్టలో తొమ్మిది, తెల్ల దారం బుట్టలో ఒకటి. ఎర్ర దారం కింది బావి. ఆ ఒక్క రాయి అవ్వది.

ఆమె బుట్టల్లో రాళ్ళు మళ్ళీ లెక్కపెట్టిందట. తన నాలుక ఇరవై ఏళ్ళుగా పైబావికి అలవాటుపడి పక్షపాతం చూపించిందేమో అనుకుంది. తొమ్మిది మంది, ఒకరి మాట ఒకరికి తెలియకుండా, ఒకే మాట చెప్పారు. తాను పెట్టిన పరీక్షను తానే కాదంటే ఆఫీసరుకూ తనకూ తేడా ఏముంది. కాగితం మీద మొదటి వేలిముద్ర ఆమెదే.

అప్పుడే కుళ్ళాయమ్మ అడిగింది. కుళ్ళాయమ్మ చెన్నకేశవులు చేలో కలుపు తీసే కూలి మనిషి, ఊరి చివరి వాడలో ఉండేది. ఆమెను పరీక్షకు పిలవలేదు. ఊరి కడవ దగ్గరికి ఆమెను రానిచ్చే కాలం కాదు అది, రానివ్వాలని మా అవ్వకు కూడా తోచలేదు. దూరంగా చెట్టు కింద నిలబడి అంతా చూసి, ఆ నీళ్ళు ఎప్పుడు చేదినారమ్మా అని అడిగింది. ఈ పొద్దే అని ఎవరో చెప్పారు.

"చైత్రంలో చేదిండేవి లేవా?" అంది కుళ్ళాయమ్మ.

అవ్వ అసలే ఓడిపోయిన చిరాకులో ఉంది. కార్తీకంలో చైత్రం నీళ్ళు యాడ నుంచి వస్తాయి, పనికి పో అని కసిరింది. కుళ్ళాయమ్మ తల వంచుకుని పోయింది.

కింది బావికి రాతి కట్టడం వచ్చింది, నాలుగు గిలకలు వచ్చాయి. చెన్నకేశవులు దానికి కొబ్బరికాయ కొట్టాడు. పైబావిని ఇక ఎవరూ పట్టించుకోలేదు. సంక్రాంతి దాటేసరికి దాని ఒడ్డు విరిగి లోపలికి కూలింది. మాఘం దాకా కింది బావి నీళ్ళు బాగానే ఉన్నాయి. ఫాల్గుణంలో పప్పు ఉడకడం ఆలస్యమైంది. చైత్రం వచ్చేసరికి ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయారు. అది చౌడు భూమిలో ఊరే నీరు. వానాకాలం పైన తేలే కొత్తనీరు ఉన్నన్నాళ్ళే తీపి, అది తరిగితే మిగిలేదంతా ఉప్పే. మా అవ్వ నిష్ఠగా తెప్పించిన ముట్టని నీళ్ళు ఆ పై పొరవి.

ఊరి ఆడవాళ్ళంతా రెండు మైళ్ళ అవతల ఎండిన ఏటి వంకకు నడిచారు. ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి కడవ నింపుకోవాలి. మా అమ్మ అప్పుడు ఏడో నెల గర్భిణి. నువ్వు పోవద్దని అవ్వ చెప్పింది కానీ, అవ్వకు ఆ వారం జ్వరం. వంక ఒడ్డు ఎక్కుతూ నిండు కడవతో మా అమ్మ జారి పడింది. మగపిల్లవాడు. పుట్టి అర్ధగంట కూడా బతకలేదు.

నేను ఆ పిల్లవాడి తర్వాత పుట్టినదాన్ని. ఇంట్లో ఎవరూ వాడి మాట ఎత్తేవాళ్ళు కాదు. మా అమ్మ అవ్వను ఒక్క మాట అనలేదు. ఎనిమిదేళ్ళు అనలేదు. అనకపోవడమే అవ్వకు ఎక్కువ శిక్ష అయిందని నా అనుమానం.

జ్వరం తగ్గగానే అవ్వ పెనుకొండ బస్సెక్కింది. ఆఫీసరు అప్పటికి అక్కడికి మారాడు. నీ వల్ల నా మనవడు పోయాడని మొహాన అడగడానికే పోయింది. ఆయన కసరలేదు, బయటికి గెంటలేదు. బీరువాలోంచి కాగితం తీయించి ముందు పెట్టాడు.

"ఒక్క నాలుకను నమ్మొద్దని మీరే అన్నారు కదమ్మా," అన్నాడు. "నేను నమ్మలేదు. మీ పదిమంది చెప్పిందే రాశాను. ఈ మొదటి వేలిముద్ర మీదే కదా?"

అవ్వ లేచి వచ్చేసింది. పెనుకొండ బస్టాండులో రాతి బెంచీ మీద కూర్చుని ఆ పొద్దంతా ఆలోచించానని ఆమే నాకు చెప్పింది. పదిమంది అబద్ధం చెప్పలేదు. ఆ పొద్దు ఆ కడవలో నీళ్ళు నిజంగానే తీపి. పదిమంది కాదు, వందమందిని పిలిచినా అదే చెప్పేవాళ్ళు. మనుషులు ఎంతమంది పెరిగితే అంత గట్టిగా ఆ ఒక్క కడవ సంగతే తెలిసేది. బావి సంగతి తెలియాలంటే కావాల్సింది ఇంకా మనుషులు కాదు, ఇంకా కడవలు.

"నాలుకలు లెక్కపెట్టినా గానీ, కడవలు లెక్కపెట్టలేదే," అనేది అవ్వ. ఆ మాట అన్నప్పుడల్లా అరచేత్తో నుదురు కొట్టుకునేది. అప్పటిదాకా ఆఫీసర్ల మీద, ప్రెసిడెంటు మీద ఉన్న కోపం ఆ రోజుతో తన మీదికి తిరిగింది. తిరిగి అక్కడే ఉండిపోయింది. ఊళ్ళోవాళ్ళు చూసి నవ్వుకున్నది ఆ కోపాన్నే.

ఊరికి వచ్చి నేరుగా కుళ్ళాయమ్మ గుడిసెకు పోయింది. మా ఇళ్ళ నుంచి ఆ వాడకు ఆడమనిషి పోవడం అదే మొదలు. చైత్రం నీళ్ళు అడిగినావు, నేను వినలేదు అంది. పదేళ్ళుగా ఆ చేలో ఎండాకాలం ఆ నీళ్ళే తాగి వాంతులు చేసుకుంటున్నామని కుళ్ళాయమ్మ చెప్పింది. మరి గట్టిగా ఎందుకు చెప్పలేదంది అవ్వ.

"చెప్తే వినేటోళ్ళు యాడుండారమ్మా?" అంది కుళ్ళాయమ్మ. "నువ్వూ కసిరితివి."

ఆరేళ్ళు ఊరు వంకకు నడిచింది. ఆరేళ్ళు! ప్రతి ఎండాకాలం అవ్వ అర్జీలు రాయించింది, ధర్మవరం తిరిగింది, పెనుకొండ తిరిగింది. ఒకసారి బావి ఇచ్చాం కదా అన్నారు ప్రతిచోటా. కాగితంలో పదిమంది వేలిముద్రలు ఉన్నాయి, నీళ్ళు తీపి అని ఉంది, ఇంకేం కావాలి. కాగితం తాగి బతకండి అని ఒక్కరూ నోటితో అనలేదు కానీ, అర్థం మాత్రం అదే.

1962లో సంజీవప్ప అనే ఓవర్సీరు వచ్చాడు. హిందూపురం మనిషి, అవ్వతో కన్నడంలో మాట్లాడేవాడు. రెండో బావికి వీలుంది, ఏది బాగు చేయమంటారని అడిగాడు. ఏడాది ఆగితే చెప్తానంది అవ్వ. ఆయన నవ్వి, సిమెంటు పర్మిట్టు రావడానికి ఎటూ ఏడాది పడుతుంది, కానీయండి అన్నాడు.

మా నాయన కూలిన పైబావిలో మట్టి తీయించి నీళ్ళు అందేటట్టు చేశాడు. కార్తీకం మొదలు నెలకొకసారి పరీక్ష. ముట్టని నీళ్ళు వద్దంది అవ్వ. బావిని చేదతో అడుగుదాకా బాగా కలిపి, ఒక్కో బావి నుంచి రెండేసి కడవలు తేవాలి. తాగడానికి ఊళ్ళోవాళ్ళు పది మంది, కుళ్ళాయమ్మ వాడవాళ్ళు పది మంది. వాళ్ళు తాగిన చోట మేము తాగమని నలుగురు లేచి వెళ్ళిపోయారు. పోతే పోండి, మీ నాలుకలు ఒకసారి చూసినాం కదా అంది అవ్వ. రెండు నెలలకు ముగ్గురు తిరిగి వచ్చారు.

ఈసారి గులకరాళ్ళు కాదు. ఒక్కొక్కరి చేతికి ఐదు శనక్కాయలు ఇచ్చేవాళ్ళు. నీళ్ళు ఎంత బాగుంటే అన్ని కాయలు గిన్నెలో వేయాలి, అసలు బాగాలేకపోతే ఒక్కటే వేయాలి. మా అమ్మ ఆ లెక్కను వంటింటి గోడ మీద సున్నం చుక్కలుగా పెట్టేది. అవ్వ మాత్రం తాగేది కాదు. ఎందుకని ఓవర్సీరు అడిగితే, నా నాలుకకు కోపం ఉండాది, దాన్ని లెక్కలో పెట్టొద్దు అంది.

కొన్ని నెలలు గడిచాక ఒక సంగతి గోడ మీద కనిపించింది. ఆరుగురు తాగేసరికి ఆ నెల లెక్క దాదాపు తేలిపోయేది. మిగిలినవాళ్ళంతా తాగినా చుక్కలు పెద్దగా మారేవి కావు. నెలలు మారితే మాత్రం అంతా తలకిందులయ్యేది. మాఘం దాకా కింది బావికే నాలుగు, ఐదు కాయలు. అక్కడితో ఆపి ఉంటే ఇరవై మంది సాక్షిగా మళ్ళీ అదే తప్పు జరిగేది. చెన్నకేశవులు వచ్చి చూసి, ఇంకెందుకు, తేలిపోయింది కదా అన్నాడు. అవ్వ ఆయన మీదికి చేట విసిరింది. చైత్రంలో కింది బావికి అందరూ ఒక్కొక్క కాయే వేశారు. వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం కూడా అంతే. పైబావికి ఐదు కాయలు ఒక్క నెలలోనూ రాలేదు, కానీ ఏ నెలలోనూ మూడుకు తగ్గలేదు.

మొత్తం కూడి చూస్తే రెండు బావులూ పక్కపక్కనే ఉన్నాయి కదా అన్నాడు ఓవర్సీరు. అవ్వకు మళ్ళీ కోపం వచ్చింది.

"కూడితే ఎట్లప్పా? ఎనిమిది నెలలు తీపి పెట్టి నాలుగు నెలలు చంపే నీళ్ళు ఎవురికి కావల్ల? మేము నీళ్ళు ఏడాదికొకసారి కూడుకొని తాగుతామా?"

ఆయన పైబావి అని రాశాడు. 1964 మాఘంలో దాన్ని లోతు చేసి కట్టడం పూర్తి చేశారు. పరీక్షలో నీళ్ళు తాగిన నాలుకలన్నీ ఆ గిలకల దగ్గర నీళ్ళు చేదుకోవాలని అవ్వ పట్టుబట్టింది. ఊరు కుళ్ళాయమ్మ వాడకు అవతలి పక్కన ఒక్క గిలక మాత్రం వదిలింది. ఒక్కటే. అది కూడా గొప్ప ఔదార్యం చేసినట్టు చెప్పుకున్నారు. ఆ ఒక్క గిలకను తలుచుకుంటే అవ్వకు చచ్చేదాకా కోపమే, నాకు ఇప్పటికీ కోపమే.

మొదటి చేద పైకి వచ్చినప్పుడు అందరూ అవ్వకు చెంబు అందించారు. ఆమె తాగకుండా మా అమ్మ చేతికిచ్చింది. ఎట్లుండాయి బాలమ్మా అని అడిగింది. నేను అమ్మ పక్కనే ఉన్నాను. మా అమ్మ ఒక గుక్క తాగింది. చెంబు తిరిగి ఇచ్చింది.

"ఇవి మాఘం నీళ్ళు కదత్తా," అంది. "చైత్రం రానీ."

చుట్టూ ఉన్నవాళ్ళకు అది మామూలు మాట. అవ్వకు కాదు. ఎనిమిదేళ్ళకు కోడలు ఆ చైత్రం సంగతి ఎత్తింది.

చైత్రం వచ్చింది. ఉగాది మరుసటి రోజు మా అమ్మ పైబావి నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. అవ్వ వచ్చి పొయ్యి ఎదురుగా కూర్చుంది. పక్క గోడ మీద సున్నం చుక్కలు ఇంకా ఉన్నాయి. కొంతసేపటికి మా అమ్మ మూత తీసి, గరిటెతో రెండు బద్దలు తీసి వేళ్ళ మధ్య నలిపింది. మెత్తగా నలిగాయి. ఆ చేతిని అవ్వ ముందుకు చాపి చూపించింది. అవ్వ ఆ వేళ్ళను పట్టుకుని ఏడ్చింది. మా అమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు, అలా అని ఓదార్చనూ లేదు.

"వచ్చే చైత్రం గూడా చూడల్ల అత్తా," అంది.

"చూడు," అంది అవ్వ. "చూడాల్సిందే."